సుద్దమన్ను పట్టిన రైఫిల్

మా కర్మాగారంలో చేసిన కొత్త రైఫిళ్లను మేం పాత బొగ్గు గని సొరంగంలో పేల్చి చూసేవాళ్లం. ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి పైకెళ్లారు. కింద నేనూ, మేస్త్రీ బార్తెలెమీ గారూ. తడి బొగ్గు వాసన, నూనె వాసన, ఒక్క లాంతరు.

నా ఒళ్లో ఉన్నది మరమ్మతు కోసం యుద్ధం నుంచి తిరిగొచ్చిన రైఫిల్. పేలిన తూటా పొగే తూటా ఎక్కించే బోల్టును వెనక్కి నెట్టాలి, తర్వాతి తూటా దానంతట అదే ఎక్కాలి. ఇందులో ఎక్కడం లేదు. షాంపేన్ సుద్దనేలలో తవ్విన కందకాల్లో ఉన్న మా తమ్ముడు ఆన్సెల్మ్‌కీ ఇలాంటిదే ఇచ్చారు.

"పొద్దుట్నుంచీ అదే గీకుతున్నావు. కాస్త తినమ్మా, ఒనొరీన్."

"మా తమ్ముడి చేతిలోదీ ఇలాగే మొరాయిస్తే? జర్మన్లను కాసేపు ఆగమని బతిమాలాలా మేస్త్రీ?"

పొగ వెళ్లే సన్నని రంధ్రంలోకి తీగ దూర్చాను. తెల్లటి సుద్ద రాలింది. మా ఊళ్లో మన్నంతా నలుపు.

అప్పుడే సొరంగం అవతల్నుంచి చప్పుడు... బోల్టు లాగుతున్నారు. మళ్లీ. మళ్లీ. ఇరుక్కున్న తూటాను చేత్తో పీకుతున్నట్టు. వెంటనే దగ్గు. గనిలో పట్టుకుని ఆన్సెల్మ్‌ను వదలని దగ్గు, చివర సన్నటి ఈలతో.

మేస్త్రీ గుసగుసలాడారు. "అవతల ఎవరూ లేరు. గురి పలకలు మార్చే గాస్పార్ పైన సూప్ తాగుతున్నాడు."

"మరి ఆ దగ్గు?"

"పైకి పద."

తీగ జారుతోంది. సుద్ద కదలదు. అవతల బోల్టు చప్పుడు తొందరపడుతోంది... కదులు... కదులు... సుద్ద ఊడింది.

గోడ వెంట పోయే ఇనుప గొట్టం మోగింది. ఠంగ్, ఠంగ్.

అది మా సైగ. రెండు దెబ్బలు కొడితే అవతలి మనిషి తప్పుకున్నట్టు, పేల్చవచ్చు. ఒక్కటే కొడితే మనిషి ఇంకా అక్కడే ఉన్నట్టు.

"వద్దమ్మా."

ఇక్కడ ఇది ఆడితే అక్కడ వాడిదీ ఆడుతుంది. ఆధారం అడక్కండి. ఆ క్షణంలో నాకు మిగిలిన ఆశ అదొక్కటే.

ఐదు తూటాలు నింపి పేల్చాను. ఐదూ ఎక్కడా ఆగకుండా వెళ్లాయి.

దగ్గు ఆగిపోయింది.

"ఆడింది మేస్త్రీ," అన్నాను. నవ్వాను కూడా.

ఆయన నా వైపు చూడలేదు. గొట్టం మీద చెయ్యి ఆనించి వింటున్నారు.

ఠంగ్.

రెండోదాని కోసం చూశాం... చాలాసేపు.

లాంతరు పట్టుకుని సొరంగం అవతలి కొసకి వెళ్లాం. అక్కడ మనిషి లేడు. గురి పలక మీద ఒక్క చిల్లూ లేదు. వెనక ఇసుకలో తూటా దిగిన జాడా లేదు.

గొట్టం చివర మాత్రం, నేల మీద పడినవాడి చెయ్యి అందేంత ఎత్తులో, తెల్లటి సుద్ద అంటుకుని ఉంది. ఇంకా తడిగానే.