చింతపండు పెట్టి తోమిన కత్తి

"అమ్మా, ఇంకొంచెం చింతపండు!"

కుళాయి దగ్గర్నుంచి ఫేబీ కేకేసింది. శనివారం మధ్యాహ్నం. వంటింట్లో వాళ్లమ్మ నవోమి రొయ్యలు ఒలుస్తోంది. కూతురు ఇత్తడి బిందె తోముతోందనుకుంది పాపం, ఇంకో ముద్ద తీసి ఇచ్చింది.

ఫేబీ తోముతున్నది బిందె కాదు, కత్తి!

నిజం కత్తే. కాకపోతే పదును ఉండదు. కత్తిసాము నేర్చుకునే కత్తి. సముద్రానికి దగ్గరగా ఉన్న అల్లూరులో ఫేబీ చదివే స్కూల్లో పీఈటీ రంగనాయకులు సార్ పిల్లలకు సాము నేర్పుతారు. సోమవారం స్కూల్ వార్షికోత్సవం. ఎవరి కత్తి వాళ్లు ఇంటికి తీసుకెళ్లి శుభ్రంగా తుడిచి, నూనె రాసి తెమ్మన్నారు సార్. తలా ఒక చిన్న నూనె సీసా కూడా ఇచ్చారు.

ఫేబీకి మాత్రం సార్ తన తండ్రి తిప్పిన పాత కత్తి ఇచ్చారు. ముందు వరస మధ్యలో నిలబడేది ఆమే మరి.

"మా నాయనది. జాగ్రత్త మే," అన్నారు.

ఆ కత్తి నిండా జిడ్డు. ఉన్న నూనె చాలదని ఇంకా నూనెనా, ఛీ అనుకుంది ఫేబీ. సీసా మూత కూడా తీయలేదు. చింతపండు పెట్టి రుద్ది, నీళ్లు పోసి కడిగింది. కత్తి తళతళలాడింది. ఆరాక తెచ్చుకుందాంలే అని మిద్దె మీద పెట్టి, మరిచిపోయి నిద్రపోయింది.

ఆదివారం పొద్దున చూస్తే కత్తి మీద ఎర్రటి మచ్చలు!

"నిన్న అద్దం మాదిరి ఉండిందే! ఎవురు చేసినారబ్బా ఈ పని?"

మచ్చలంటే మురికే కదా. మళ్లీ చింతపండు పెట్టి తోమింది. చర్చికి పోయి వచ్చేసరికి మచ్చలు రెట్టింపయ్యాయి. ఈసారి నల్లవి కూడా. ఇంకోసారి కడిగింది. కడిగేకొద్దీ తుప్పు! ఇదెక్కడి గోల?

సాయంత్రం తనతో సాము నేర్చుకునే పక్కింటి సాయిలక్ష్మి కత్తి ఎలా ఉందో చూడ్డానికి వెళ్లింది. అది మంచం కింద పడి ఉంది. జిడ్డుకి దుమ్ము అంటుకుంది. కానీ ఒక్క మచ్చ లేదు!

"నువ్వేం చేసినావే దీనికి?"

"ఏం చేయలా. నూనె రాసి పడేసినా."

ఫేబీకి ఏడుపొచ్చింది. ఇంత కష్టపడిన తనకు తుప్పా? మంచం కింద పడేసినదానికి ఏమీ కాలేదా? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. రేపు సార్ తనను ఆడనిస్తారా? మళ్లీ ఎప్పుడైనా కత్తి చేతికిస్తారా?

సోమవారం పొద్దున్నే కత్తికి చున్నీ చుట్టుకుని సార్ దగ్గరికి వెళ్లింది. సార్ చున్నీ విప్పి చూశారు. మచ్చల మీద వేలు రాసి చూశారు.

"దేంతో కడిగినావు?"

"చింతపండుతో సార్. మా బిందె బాగా మెరుస్తాది గదా..."

"నేనిచ్చిన నూనె?"

"ఇంకా జిడ్డు దేనికిలే అనుకున్నా సార్."

సార్ తల పట్టుకున్నారు.

"పులుపు ఇత్తడికి మంచిదే మే. ఇనుముని మాత్రం తినేస్తాది. ఆ నూనె దానికి చొక్కా అనుకో. నువ్వేమో చొక్కా విప్పేసి, నీళ్లు పోసి, మన ఉప్పుగాలిలో పండబెట్టినావు. ఊరుకుంటాదా?"

బీరువాలోంచి నూనె తెచ్చారు. ఇద్దరూ కూర్చుని సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దారు. మచ్చలన్నీ పోయాయి. పిడి దగ్గర ఆవగింజంత గుంట మాత్రం మిగిలింది.

"ఇది పోదా సార్?"

"పోదు. తినేసిన ఇనుము మళ్లీ యాడ నుంచి వస్తాది?" సార్ ఆ గుంటను కాసేపు చూశారు. "సరే, నీ చోటు మధ్యలోనే. ముందు పోయి మొహం కడుక్కో. దానికి నీళ్లు మంచివే."

సాయంత్రం ఫేబీ బాగా ఆడింది. చప్పట్లు మోగాయి. పిల్లలు కత్తి చూడ్డానికి మూగారు. ఫేబీ ఆ గుంట మీద బొటనవేలు పెట్టి దాచింది. ఎవరైనా చూస్తే ఎంత సిగ్గు!

అంతలో సాయిలక్ష్మి తన కత్తి పట్టుకుని కుళాయి వైపు పరిగెత్తింది.

"నీది భలే మెరిసిందే ఫేబీ! నాదీ కడిగేస్తా!"

ఫేబీ ఒక్క ఉరుకున వెళ్లి కుళాయి కట్టేసింది.

"ఏందే? దేనికి కట్టేసినావు?"

అందరూ ఇటే చూస్తున్నారు. అయినా ఫేబీ గుంట మీంచి బొటనవేలు తీసింది.

"ఇది చూడు. నేను కడిగినందుకే ఇట్టా అయింది."

సాయిలక్ష్మి వంగి చూసింది. "అయ్యో! మరిప్పుడు ఏం చేయాలా?"

ఫేబీ సంచిలోంచి తన నూనె సీసా తీసింది. మూతకు వేసిన సీలు ఇంకా అలాగే ఉంది. దాన్ని పంటితో లాగేసి, మూత తిప్పింది.

"ముందు నీ కత్తి ఇట్టా ఇయ్యి," అంది.