వెనక దవడ

"ఇది వైస్ కాదు పెద్దమనిషీ, ముసలోని నోరు. పండ్లు లేవు, పట్టు లేదు," అని పకపకా నవ్వాడు యాదగిరి.

అప్పుడే బడి నుంచి వచ్చిన భవ్యశ్రీ బ్యాగు కూడా దించకుండా అక్కడే ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి.

తాండూరులో వాళ్ల ఇంటి ముందు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో తాత పాండురంగం ఏళ్ల తరబడి మోటర్లు బాగుచేశాడు. ఇప్పుడు తాత చేతులు వణుకుతున్నాయి. పనిముట్లన్నీ ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. బల్లకు బిగించిన వైస్ ఒక్కటే మిగిలింది.

వైస్ అంటే రెండు ఇనుప దవడలు. వెనక దవడ కదలదు. కడ్డీ పట్టుకుని మర తిప్పితే ముందు దవడ జరిగి వస్తుంది. మధ్యలో ఏది పెట్టినా ఇక కదలనివ్వదు. ఈ వైస్‌ను తాతకు పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చిపోయాడు. పక్కన పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలు అరిగి అరిగి చదవరాకుండా అయ్యాయి.

యాదగిరి పాత సామాన్లు కొని అమ్మే మనిషి. వైస్ చుట్టూ తిరిగి, బూటుతో బల్లకాలును ఒక తన్ను తన్ని చూశాడు.

"ఇనుము లెక్కన తూకమేసి కొంట. వెయ్యి రూపాయలు వస్తయ్. నీ మొహం చూసి ఇంకో నూరు కలుపుత."

తాతకు మాటలు తక్కువ. చిన్న సుత్తె తీసి ముందు దవడ మీద కొట్టాడు. ఖంగున మోగింది. వెనక దవడ మీద కొట్టాడు. అదీ ఖంగుమంది.

"పగులుంటే గిట్ల మోగదు," అన్నాడు.

తర్వాత భవ్యశ్రీ వైపు చెయ్యి చాచాడు. "కాయితం ఇయ్యి బిడ్డా."

ఆమె నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. తాత దాన్ని రెండు దవడల మధ్య పెట్టి కడ్డీని ఒక్క వేలితో తిప్పాడు.

"గుంజు," అన్నాడు యాదగిరితో.

యాదగిరి గుంజాడు. కాగితం చినిగింది గానీ ఊడి రాలేదు. అతను చేతిలో మిగిలిన ముక్కను నలిపి పారేశాడు.

"కాయితం పట్టుకుంటే ఏం గొప్ప? ఇనుము పట్టుకోవాలె గదా!"

"పో," అన్నాడు తాత.

"పోత. తాండూరుల గీ తుప్పును ఇంకెవడు ముట్టుకుంటడో చూస్త. రేపు నువ్వే వచ్చి నా దుకాణం ముందర నిలవడ్తవ్."

బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. భవ్యశ్రీ పళ్లు కొరికింది.

"తాతా, గట్ల తిడుతుంటే ఊకున్నవేంది? రెండు తిట్టకపోయినవా?"

"తిడితే రేటు పెరుగుతదా?" అని తాత చౌరస్తాకు టీ తాగడానికి వెళ్లిపోయాడు.

భవ్యశ్రీకి ఇంకా మండింది. అమ్మ జ్యోతి చీరలకు ఫాల్స్ కుడుతుంది. చేత్తో కుట్టి కుట్టి వేళ్లకు పొక్కులు వచ్చాయి. చీర అంచులు కుట్టే ఒక పాత పీకో మెషిన్ బేరానికి వచ్చింది. వైస్ అమ్మిన డబ్బు చేతికి వస్తే ఆ మెషిన్ ఇంటికి వస్తుంది. వెయ్యి రూపాయలకు మెషిన్ పెడల్ కూడా రాదు.

"ఇనుము పట్టుకోవాలంట! పట్టుకుంటదో లేదో చూపిస్త," అనుకుంది.

ఒక ఇనుప చువ్వ తెచ్చి దవడల మూలన పెట్టింది. కడ్డీ తిప్పింది. బిగిసింది. చాలలేదు. యాదగిరి నవ్వు చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. గోడకు ఆనించిన పొడుగాటి పైపు కనబడింది.

పైపు తొడగొద్దని తాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "చెయ్యి ఎంత బిగిస్తే అంతే. పైపు తొడిగితే వైస్ చస్తది."

ఆ మాట ఆమెకు గుర్తుకు వచ్చింది కూడా. అయినా కడ్డీకి పైపు తొడిగింది. యాదగిరి మెడ దొరికినట్టు రెండు చేతులా పట్టుకుని, కాళ్లు పైకెత్తి వేలాడింది.

టక్!

చిన్న చప్పుడు. వేరుశెనక్కాయ ఒలిచినంత.

భవ్యశ్రీ దిగి చూసింది. వెనక దవడ కింద వెంట్రుక అంత సన్నగా ఒక గీత. గోటితో రాసింది. గోరు పట్టుకుంది.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. డబ్బాలోంచి గ్రీజు తీసి గీత మీద దట్టంగా పూసింది. చువ్వ తీసేసి, పైపును మళ్లీ గోడకు ఆనించింది.

"ఇదంతా ఆ యాదగిరి వల్లనే," అని గట్టిగా పైకే అంది.

మరునాడు ఆదివారం పొద్దున్నే వైస్ చూడటానికి వికారాబాద్ నుంచి పద్మారాణి వచ్చింది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వర్క్‌షాప్ ఆమెది. చున్నీ నడుముకు బిగించి, వచ్చీ రాగానే వైస్ కడ్డీ పట్టుకుంది. మర చివరిదాకా తిప్పింది, మళ్లీ మూసింది. ఒంగి కింది నుంచి చూసింది.

"సుత్తె ఉన్నదా కాకా? జర మోగిచ్చి చూస్త."

భవ్యశ్రీ చూపు గ్రీజు మీదికి పోయింది.

"నిన్ననే నేను కొట్టి చూసిన. పగులు లేదు. నా మాట," అన్నాడు తాత.

పద్మారాణి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీ మాట ఉన్నంక సుత్తె ఎందుకు కాకా. రేటు చెప్పు."

తాత వేళ్లు మడిచాడు. "గిసుంటిది కొత్తది ఎనిమిది వేలు. ఇది పాతదే, కానీ ఇనుము గట్టిది. ఐదు వేలు అనుకో. ముందు దవడ మూలకు పెచ్చు లేచింది, చూడు. దానికి మూడు నూర్లు తియ్యి. మరల జర లూజున్నది. కడ్డీ పావు చుట్టు తిరిగినంక గాని దవడ కదలదు. దానికి రెండు నూర్లు తియ్యి."

భవ్యశ్రీకి ఒళ్లు మండిపోయింది. అడగకముందే ఎవరైనా తప్పులు చెప్తారా? ఆమె తాత అంగీ గుంజింది. తాత చెయ్యి విడిపించుకున్నాడు.

"నాలుగు వేల ఐదు నూర్లు. పై పైసా నాకొద్దు."

"నేను నాలుగు వేలకే అడుగుదామని వచ్చిన కాకా," అని నవ్వింది పద్మారాణి. "నువ్వే అన్నీ చెప్పినవ్, ఇంక నేనేం బేరం చెయ్యాలె? తీసుకో," అని నోట్లు లెక్కపెట్టి తాత చేతిలో పెట్టింది.

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ ముఖం వెలిగిపోయింది. "పొద్దుగూకేలోగా పీకో మెషిన్ ఆమెకు ఫోన్ చేస్త మామా," అంది.

భవ్యశ్రీ అమ్మ వేళ్ల మీది పొక్కుల వైపు చూసింది.

వైస్‌ను తన చేతులతో బల్లకు బిగిస్తేనే తాతకు తృప్తి. అందుకని తాత కూడా వికారాబాద్ బయల్దేరాడు. సంచి మోయడానికి భవ్యశ్రీని రమ్మన్నాడు. రైల్లో వైస్‌ను గోనెపట్టలో చుట్టి తాత కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. చేత్తో దాని మీద తట్టుతూ కూర్చున్నాడు, నిద్రపోయే పిల్లను తట్టినట్టు.

కిటికీలోంచి కంది చేలు పోతున్నాయి. భవ్యశ్రీ వాటి వైపు చూడలేదు. యాదగిరిని తిట్టుకుంది. తప్పులు చెప్పుకునే తాతను తిట్టుకుంది. సుత్తె అడిగి కూడా కొట్టని పద్మారాణిని తిట్టుకుంది. అందరినీ తిట్టాక ఇంకెవరూ మిగల్లేదు.

వర్క్‌షాప్‌లో బల్లకు రంధ్రాలు ముందే వేసి ఉన్నాయి. తాత నాలుగు బోల్టులు బిగించాడు. వణికే చేతులతో బిగించడానికి చాలాసేపు పట్టింది. పద్మారాణి ఓపికగా చూసింది.

"ఇగ బోణీ చేద్దాం," అని ఆమె మందపాటి ఇనుప పట్టీని దవడల మధ్య బిగించింది. ఎడమచేత్తో పట్టీ పట్టుకుని, కుడిచేత్తో పెద్ద సమ్మెట ఎత్తింది.

దెబ్బ పడితే దవడ ఊడుతుంది. ఆ ఎడమచెయ్యి దాని పక్కనే ఉంది.

"ఆంటీ, ఆగు! కొట్టకు!"

సమ్మెట గాలిలో ఆగింది.

"వెనక దవడ పగిలింది. నేనే పగలగొట్టిన. పైపు తొడిగి బిగించిన. గ్రీజు పూసిన."

తాత వచ్చి తన భుజం మీది తువ్వాలుతో గ్రీజు తుడిచాడు. చిన్న సుత్తె తీసి కొట్టాడు.

డొప్.

పగిలిన కుండ మీద కొట్టినట్టుంది. తాత మళ్లీ కొట్టాడు. మళ్లీ డొప్.

తాత ముఖం నల్లబడింది. అరుస్తాడనుకుంది భవ్యశ్రీ. అరిస్తే బాగుండేది.

"పగిలితే పగిలింది. ఇనుము," అన్నాడు తాత. "పొద్దున నేను నా మాట అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నవ్. నా నోటితోని అబద్ధం చెప్పిచ్చినవ్."

"యాదగిరి గట్ల తిట్టిండని నాకు కోపమొచ్చి..."

"యాదగిరి వచ్చి పైపు తొడిగిండా?"

పద్మారాణికీ కోపం వచ్చింది. సమ్మెటను నేల మీద పడేసింది. "నా చెయ్యి పోతుండె పిల్లా! కాకా మాట విని నేను సుత్తె ముట్టలె. ఎరుకేనా?"

"ఎరుకే."

"సరే. నువ్వే చెప్పు. ఇప్పుడు దీనికి ఎంత ఇయ్యాలె?"

భవ్యశ్రీ బిక్కమొహం వేసి తాత వైపు చూసింది. తాత గోడ వైపు చూస్తున్నాడు.

ఆమె వైస్ దగ్గరికి వెళ్లింది. మర తిప్పి చూసింది. అడుగును తట్టి చూసింది. ఖంగుమంది. పగులు దగ్గర వేలు పెట్టింది. ఎంత చెప్పాలి? ఎక్కువ చెప్తే మళ్లీ మోసం. తక్కువ చెప్తే యాదగిరి మాట.

"మర మంచిగున్నది," అంది మెల్లగా. "అడుగు మంచిగున్నది. దవడకు ఇత్తడి పోసి అతికించుకోవాలె, దానికి మీకు ఖర్చు. అతికినంక కూడా సమ్మెట దెబ్బలు కొట్టొద్దు. ఆకురాయి రాసుకోవచ్చు, చిన్న పని చేసుకోవచ్చు. పాత ఇనుము రేటు కంటే ఎక్కువ ఇయ్యాలె. తాత చెప్పిన దాంట్ల సగం కంటే తక్కువ ఇయ్యాలె. రెండు వేలు."

పద్మారాణి ఆమెనే చూసింది. "రెండు వేలే. ఒక్క రూపాయి ఎక్కువ గాదు, తక్కువ గాదు."

తాత జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి మిగతావి తిరిగి ఇచ్చేశాడు.

తిరుగు రైల్లో తాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎప్పుడూ మాటలు తక్కువే. కానీ ఈ మౌనం వేరు. దగ్గర కూర్చుంటే కాలేటట్టు ఉంది.

ఇంట్లో అమ్మ చేతిలో ఫోన్ ఉంది. తాత నోరు తెరవక ముందే భవ్యశ్రీ అంతా చెప్పేసింది. అమ్మ విన్నది. ఫోన్ పక్కన పెట్టి, సూది తీసుకుని, చీర ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆ రాత్రి అన్నం గిన్నె కూడా ధడేలున పెట్టింది.

మర్నాటి నుంచి బడి అయ్యాక భవ్యశ్రీ అమ్మ పక్కన కూర్చునేది. సూదిలో దారం ఎక్కించేది. తర్వాత ఫాల్ కుట్టడం కూడా నేర్చుకుంది. వేళ్లకు సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకునేది. అమ్మ రెండు రోజులకు మాట్లాడింది. తాత మాత్రం మాట్లాడలేదు. షెడ్డులో మంచం మీద కూర్చుని ఖాళీ బల్ల వైపు చూసేవాడు.

వారం గడిచాక రజిని అక్క చీర కోసం వచ్చింది. ఆమె పక్క వీధిలో ఉంటుంది. అమ్మ బజారుకు పోయింది. రజిని చీర మడత కూడా విప్పలేదు.

"అరవై రూపాయలు గదా? ఇదిగో," అంటూ పర్సు తెరిచింది.

భవ్యశ్రీ నోట్లు తీసుకోలేదు. చీర మడత విప్పి అంచు చివర చూపించింది.

"అక్కా, గీ మూల నేను కుట్టిన. కుట్లు వంకర వచ్చినయ్. కడితే కనబడదు కానీ, ఉన్నది. చూసుకొని ఇయ్యి."

రజిని చీర దగ్గరగా పట్టుకుని చూసింది. "అబ్బ, పాము పోయినట్టున్నది! అయితే ఇరవై తగ్గిస్త."

"సరే అక్కా."

షెడ్డులో మంచం కిర్రుమంది. తాత లేచి వచ్చాడు. చీర అంచు చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గోటితో కుట్టు మీద రాశాడు. ఒకసారి గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు.

"ఇరవై ఎందుకు?" అని కసిరాడు రజినిని. "వంకరుంటే ఉన్నది, పట్టు మంచిగున్నది. ఐదు తియ్యి. పో!"

రజిని నవ్వుకుంటూ యాభై ఐదు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది. తాత మళ్లీ షెడ్డు వైపు నడిచాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"భవ్యా, జర టీ పెట్టు."