కడప చెట్ల కింద శవం

శవం బోర్లా పడి ఉంది. సగం నీళ్ళలో, సగం బురదలో. తల వెనక ఎముక లోపలికి కుంగిపోయింది.

సి.ఐ. సుందరరాజు వాచీ చూసుకున్నాడు. ఉదయం 7.10.

నాయుడుపేట నుంచి ఏటిపాళెం చెరువుకు ఇరవై నిమిషాల దారి. చెరువులో నడుము లోతున కడప చెట్లు నిలబడి ఉన్నాయి. కొమ్మ కొమ్మకూ సంచి ముక్కు గూడబాతుల గూళ్ళు. పైనుంచి రెట్ట వానలా పడుతోంది.

చచ్చినవాడు వరదయ్య. అటవీ శాఖ వాచర్. పద్దెనిమిదేళ్ళుగా ఈ పక్షులకు కాపలా. ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడి కాలికి లేదు.

"చెప్పు కోసం వెతికావా?"

"బురదంతా కెలికినాను సార్. లేదు," అన్నాడు కానిస్టేబుల్ బాలచంద్ర.

అంతలో గట్టు మీద అరుపు. ఆడమనిషి గొంతు.

సుందరరాజు పరుగెత్తాడు.

తూము రాయికి ఒక మనిషిని కట్టేశారు. ముఖం ఉబ్బి కన్ను మూసుకుపోయింది. గడ్డం మీదుగా రక్తం. చుట్టూ నలభై మంది. కర్రలు, పార పిడులు. ఒకడి చేతిలో పెట్రోలు సీసా. కట్టేసిన మనిషి మీద భార్య అడ్డంగా పడి ఉంది. దెబ్బలు ఆమె వీపు మీద పడుతున్నాయి.

సుందరరాజు ముందు సీసా లాక్కున్నాడు. తర్వాత రివాల్వర్ తీశాడు.

"ఇంకో దెబ్బ పడితే కాలుస్తాను."

కర్రలు ఆగాయి. కిందికి మాత్రం దిగలేదు.

కట్టేసిన మనిషి యానాది సుబ్బన్న. చెరువులో చేపలు పట్టుకుని బతుకుతాడు. భార్య పేరు ఎస్తేరు. స్టేషన్ నుంచి వ్యాన్ రావడానికి ముప్పావు గంట పడుతుంది. అంతవరకూ ఇక్కడ పోలీసులు ఇద్దరే. ఇప్పుడు కట్లు విప్పితే గుంపు ఆగదు.

తెల్ల చొక్కా మనిషి ముందుకు వచ్చాడు. మునిచంద్ర. పక్షి సంరక్షణ కమిటీ ప్రెసిడెంటు.

"వీనికి ఇంకేం విచారణ సార్? నేను కళ్ళారా సూసినాను."

"ఎన్ని గంటలకి?"

"ఆరుకి పది నిముషాలుండాది."

"ఏం చూశావు?"

"వలేసి గూడబాతుల్ని పట్టినాడు. రెక్కలు కొట్టుకుంటా ఉన్నాయి. వీడు ఒక్కొక్కదాని మెడ తిప్పి సంచిలో కుక్కతా ఉన్నాడు. వరదయ్య అడ్డమొచ్చినాడు. తెప్ప గడ ఎత్తి నెత్తిన కొట్టినాడు."

"అబద్ధం," అన్నాడు సుబ్బన్న. మాటతో పాటు ఒక పన్ను రాలింది. "వల తీసుకొద్దామని వచ్చినా సార్. వరదయ్యన్న పడి ఉండాడు. పైకి లేపతా ఉంటే ఈయన కేకేసినాడు."

"మరి సంచి?"

"నాది కాదు సార్."

గుంపులో గొణుగుడు పెరిగింది. ఈ ఊరి కోపం సుందరరాజుకు అర్థమవుతూనే ఉంది. పక్షుల రెట్ట కలిసిన నీళ్ళే ఇక్కడి వరికి బలం. గూళ్ళల్లో పిల్లలు బెదురుతాయని దీపావళికి ఊళ్ళో ఎవరూ టపాసు కాల్చరు. ఆ పక్షుల మెడ తిప్పినవాడంటే ఇంట్లో దొంగ పడ్డట్టే.

"మీరిద్దరే కదా సార్ ఉండేది," అన్నాడు ఒకడు నవ్వుతూ. "ఎంతసేపు కాపలా కాస్తారు?"

సుందరరాజు తన వాటర్ బాటిల్ మూత తీసి ఎస్తేరుకు ఇచ్చాడు. ఆమె తాను తాగకుండా సుబ్బన్న పెదాలకు ఆనించింది.

గట్టు వాలులో, గూటి నుంచి జారిన గూడబాతు పిల్ల ఒకటి లేవలేక కొట్టుకుంటోంది. కర్రల వాళ్ళు దాన్ని తొక్కకుండా పక్కకు తప్పుకుంటున్నారు. మనిషిని చంపడానికి వచ్చినవాళ్ళే. సుందరరాజు అది గమనించాడు.

"దాన్ని నీళ్ళ దగ్గర పెట్టు," అన్నాడు బాలచంద్రతో.

బాలచంద్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. పిల్ల బెదిరి నోరు తెరిచింది. అరచేతంత చేపను అతని బూటు మీద కక్కింది.

"కొత్త బూట్లు సార్," అన్నాడు బాలచంద్ర ఏడుపు ముఖంతో.

"అంతే అన్నా," అంది ఎస్తేరు. "పట్టుకుంటే కక్కేస్తాది. పెద్దదైనా అంతే. బరువు దించుకుని ఎగరాలని సూస్తాది."

సుందరరాజు ఆమె వైపు తిరిగాడు.

"ఎప్పుడూ కక్కుతుందా?"

"మా తాతల కాలం నుంచీ ఈ సెరువులోనే ఉండాము. కక్కకుండా దొరికిందాన్ని నేను సూడలేదు సార్."

7.35. సుందరరాజు తూము పక్కన పడి ఉన్న సంచిని గుమ్మరించాడు. మూడు గూడబాతులు. మెడలు మెలి తిరిగి ఉన్నాయి. గ్లౌజు వేసుకుని గొంతు కింద తడిమాడు. గట్టిగా తగిలింది. జేబులోంచి చాకు తీసి కోశాడు.

గుప్పెడు రొయ్యలు బయటపడ్డాయి. అరగలేదు. కాళ్ళు కూడా ఊడలేదు. రెండో పక్షిలోనూ, మూడోదాంట్లోనూ అవే.

"సుబ్బన్నా, ఈ చెరువులో ఇలాంటి రొయ్య ఉందా?"

"లేదు సార్. అది సాకే రొయ్య. ఉప్పునీళ్ళ గుంటలోది."

"ఈ చుట్టుపక్కల రొయ్యల గుంట ఎవరికుంది?"

చెరువుకు రెండు కిలోమీటర్ల లోపు రొయ్యల గుంటలు వద్దని కమిటీయే తీర్మానం చేసింది. కింద సంతకం మునిచంద్రది.

గుంపులో ఒక ముసలావిడ మెల్లగా అంది. "ప్రెసిడెంటు సర్వి తోట లోపల బోరు మోత వినపడతా ఉంటాది."

"ఏయ్ సిద్ధమ్మా, నోరు ముయ్," అన్నాడు మునిచంద్ర.

సుందరరాజు సైగ చేయగానే బాలచంద్ర బైకు మీద ఆ సరుగుడు తోటకు బయల్దేరాడు. 7.50కి ఫోను వచ్చింది. స్పీకరు పెట్టాడు సుందరరాజు.

"సార్, సర్వి తోట మధ్యలో రొయ్యల గుంట ఉండాది. గట్టు మీద గుళికల మందు డబ్బా. సచ్చిన పక్షులు ఇంకో పదకొండు. నీళ్ళు తిప్పే మిషను పక్కన ఇనప కమ్మీ. దానికి వెంట్రుకలు అంటుకోనుండాయి."

"ఇంకా?"

"చెప్పు సార్. కుడి కాలిది."

జనం మునిచంద్ర వైపు తిరిగారు.

"బతికున్న పక్షిని పట్టి మెడ తిప్పితే గొంతులో మేత మిగలదు," అన్నాడు సుందరరాజు. "ఇవి బెదరలేదు. విషం కలిపిన రొయ్యలు తిన్నచోటే చచ్చాయి. నువ్వు చెప్పినట్టు అవి రెక్కలు కొట్టుకోలేదు మునిచంద్రా. మెడలు నువ్వు తర్వాత తిప్పి, వరదయ్య శవంతో పాటు ఇక్కడ పడేశావు. వరదయ్య తెల్లారకముందే నీ గుంట దగ్గరికి వచ్చాడు కదా?"

మునిచంద్ర జనం వైపు ఒకసారి చూశాడు.

"రోజూ వందల పక్షులు దిగతా ఉన్నాయి సార్. రొయ్యలన్నీ తినేస్తా ఉన్నాయి. వరదయ్య ఫోన్లో వీడియో తీసినాడు. ఊళ్ళో చూపిస్తానన్నాడు. కాళ్ళు పట్టుకున్నా. వినలేదు."

"ఎన్ని దెబ్బలు?"

"మూడు."

గుంపు ఒక్కసారిగా అతని మీద పడింది. పార పిడి ఒకటి మునిచంద్ర చెవి చీల్చింది. రెండోది మోకాలి చిప్ప మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. సుందరరాజు గాల్లోకి కాల్చాడు. చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం తెల్లబడింది. గూళ్ళల్లో పిల్లలు అరుస్తున్నాయి. జనం తలలెత్తి చూశారు. కర్రలు వాటంతట అవే జారిపోయాయి.

"తీసేయండి సుబ్బన్న కట్లు," అన్నాడు సుందరరాజు.

8.05. వ్యాన్ వచ్చింది. మునిచంద్ర చేతులకు బేడీలు పడ్డాయి. సుబ్బన్నను జీపు వెనక సీట్లో పడుకోబెట్టారు. ఊపిరి ఆడుతోంది.

జనం ఒక్కొక్కరే గట్టు దిగుతున్నారు. ఎవరూ జీపు వైపు చూడడం లేదు.

"యాడికి పోతా ఉండారు?" అంది ఎస్తేరు.

గొంతు పెద్దది కాదు. అయినా అందరూ ఆగారు.

"సార్, రాసుకో."

"ఏమ్మా?"

"పేర్లు. నా మొగుణ్ణి కొట్టినోళ్ళవి."

"కేసయిపోయింది కదమ్మా," అన్నాడు గుంపులోంచి ఒకడు. "దొంగ దొరికినాడు కదా. తెలీక కొట్టినాము."

"నీ పేరే ముందు," అంది ఎస్తేరు. "మునిశేఖర్. పళ్ళు రాలగొట్టినాడు. సిద్ధమ్మది వద్దు సార్. వద్దురా అని ఆమె నా మీద పడింది. ఆమె చెయ్యి సూడు, ఎట్ల వాచిందో."

సుందరరాజు నోట్‌బుక్ తెరిచాడు. జీపు బానెట్ మీద పెట్టి మొదటి పేరు రాశాడు. ఎస్తేరు ఒక్కొక్క ముఖం చూస్తూ చెబుతోంది. ఎవడు చేతులు కట్టాడో, ఎవడు కంటి మీద గుద్దాడో. తడబాటు లేదు.

పన్నెండో పేరు దగ్గర పేజీ నిండింది. సుందరరాజు పేజీ తిప్పాడు.

"తర్వాత?" అన్నాడు.