ఊరంతా జాలిపడ్డ మొహం

బస్సులో ఆ ముసలాయన లేచి సీటిచ్చినప్పుడే బొమ్మలాయనకి అనుమానం రావాల్సింది.

రాలేదు.

"కూర్చో నాయనా, నీకన్నా నాకెక్కువా!" అన్నాడు ముసలాయన, చేతికర్ర మీద వాలి.

"నా కాళ్ళు బాగానే ఉన్నాయండీ."

"గుండె చెదిరాక కాళ్ళెలా ఉంటే ఏం లే!" అంటూ భుజం పట్టి కూలేశాడు. కండక్టరు టికెట్టు కొట్టనన్నాడు. పక్కసీటావిడ తన మఫ్లరు తీసి అతని మెడకి చుట్టింది. చుట్టడమంటే మామూలుగా కాదు, ఊపిరాడకుండా.

సంగతి బస్సు దిగాక తెలిసింది. ఎదురుగోడ మీద మనిషెత్తు పోస్టరు. పోస్టరు నిండా అతని మొహం.

కళ్ళ నిండా నీళ్ళు. వణుకుతున్న కింది పెదవి. పైకి లేచి అక్కడే ఆగిపోయిన కనుబొమలు. ఏడేడు తరాల దుఃఖం ఆ ఒక్క మొహంలోనే కాపురం పెట్టినట్టుంది. కింద పెద్ద అక్షరాలు: 'వరద అంతా తీసుకుపోయింది. ఒక్క దుప్పటి ఇవ్వండి.'

వరద అతని దగ్గర్నుంచి చెప్పుల జత కూడా తీసుకుపోలేదు. అతనుండేది మూడో అంతస్తులో.

మఫ్లరు విప్పుకుంటూ ఒక్క పరుగున సహాయ సంస్థ ఆఫీసుకి వెళ్ళాడు. ఫొటోలమ్మాయి కెమెరా లెన్సు తుడుచుకుంటోంది.

"నా మొహం పోస్టరెక్కించడానికి మీకు హక్కెవరిచ్చారండీ?"

"మొహం మీ అమ్మానాన్నలిచ్చారు. నేను ఫొటో తీశానంతే."

"జోకులా! ఊరంతా నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటోంది."

ఆమె లెన్సు పక్కన పెట్టింది. "సారీ అండీ. తప్పు నాదే. కూర్చోండి, చెప్తాను."

ఏటి ఒడ్డు వీధులు మునిగాక అక్కడి కుటుంబాలన్నిటినీ బడి భవనంలో ఉంచారు. సైన్‌బోర్డులు రాసుకునే బొమ్మలాయన పిల్లలు దిగులు పడకుండా బడి గోడ మీద ఏనుగు బొమ్మ వేయడానికొచ్చాడు. ఏనుగు మొదటి రోజే పూర్తయిపోయింది. కానీ ఫొటోలమ్మాయి రోజూ ఆ గోడ దగ్గరే కెమెరా చార్జింగు పెట్టుకునేది. ఏనుగు పూర్తయితే అతనికి అక్కడ పనేముంది? అందుకని రోజుకో కాలు కలుపుతూ వచ్చాడు. ప్రస్తుతం ఆ ఏనుగు జెర్రికి అన్నయ్యలా ఉంది.

ఆమె పని పోస్టరుకి ఫొటోలు తీయడం. తీసింది. కానీ బడిలో ఉన్నవాళ్ళకి ఒక పద్ధతుంది. ఆ పద్ధతి పెట్టింది మైకు మామ్మ. గొంతెత్తితే పక్కవీధికి వినిపిస్తుంది కనుక ఆ పేరు.

"ఫొటో అంటే తల దువ్వుకోవాలి, మంచి బట్ట కట్టుకోవాలి, నవ్వాలి. ఎవరైనా మొహం వేలాడేశారో, చూసుకోండి!"

మంచి బట్ట అంటే వరదలో బతికి బట్టకట్టినది ఒక్కటే, మామ్మగారి ఎర్రకోటు. దాన్ని ఒకరి తర్వాత ఒకరు తొడుక్కున్నారు. పిల్లలు దాంట్లో మునిగిపోయారు. లావాటి తాపీమేస్త్రీకి ఒక చెయ్యి మాత్రమే దూరింది. అందరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వారు.

సంస్థ డైరెక్టరు ఆ ఫొటోలు చూసి తల పట్టుకున్నాడట. "ఇది వరదా, పెళ్ళా? ఇంతమందికీ ఒకే కోటేమిటి? నాకు ఏడుపు కావాలి, ఏడుపు!" వెతగ్గా వెతగ్గా చివర్లో ఈ మొహం దొరికింది. "ఆహా! ఊరంతా మునిగింది ఇక్కడే!"

"నేను బడిలో ఉంటున్నవాణ్ణి కాదని మీరు చెప్పలేదా?" అన్నాడు బొమ్మలాయన.

"ఆ సాయంత్రమే ప్రెస్‌కి వెళ్ళాలి. చలి మొదలైంది. వాళ్ళు కటిక నేల మీద పడుకుంటున్నారు. నోరు మూసుకున్నాను." తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది. "అసలు మీరప్పుడెందుకు ఏడుస్తున్నారు?"

"పెయింటు... కంట్లో పడింది."

"రెండు కళ్ళల్లోనూ?"

"పెద్ద డబ్బా."

పోస్టరు పని చేసింది. ఎంతగా అంటే, దుప్పట్లు లారీల్లో వచ్చాయి. వచ్చింది మాత్రం బడికి కాదు, బొమ్మలాయన ఇంటికి! ఊళ్ళో అతన్ని ఎరిగినవాళ్ళు ఎక్కువ. మొహం ఇక్కడుండగా బడిదాకా పోవడం దేనికని అందరూ మూడంతస్తులెక్కి మరీ ఇచ్చిపోయారు.

"ఒరేయ్, తలుపు తెరుచుకోవడం లేదురా!" అంది అమ్మ లోపల్నుంచి. "వరదలో మునగలేదు కానీ దుప్పట్లలో మునిగేట్టున్నాను. ఏం ఘనకార్యం చేశావు?"

వాటిని బడికి చేర్చాలని మోపు కట్టి నెత్తిన పెట్టుకుని దిగాడు. "అయ్యో, ఉన్న గూడు కూడా ఖాళీ చేయించారా!" అంటూ దారిపొడవునా ఇంకో నాలుగు దుప్పట్లు వేశారు. మోపు బరువుకి కింద పడ్డాడు. లేవదీసినవాళ్ళు అతన్నీ మోపునీ రిక్షాలో వేసి మళ్ళీ ఇంటికే చేర్చారు. బడిలో మాత్రం చంటిబిడ్డ తల్లికి ఎర్రకోటు కప్పి, మామ్మ మోకాళ్ళు కావలించుకుని కూర్చుంటోంది.

ఇక దాచడం కుదరదన్నాడు బొమ్మలాయన. డైరెక్టరు ఉలిక్కిపడ్డాడు.

"చెప్పారో, నమ్మకం పోతుంది. నమ్మకం పోతే దుప్పటి కాదు కదా, చేతిరుమాలు కూడా రాదు. రేపు టీవీవాళ్ళు బడి నుంచి లైవ్ ఇస్తున్నారు. కాసేపు ఏడిచి, అందర్నీ బడికే తెచ్చివ్వమనండి, చాలు."

"నాకు ఏడుపు రాదండీ."

"ఫొటోలో వచ్చిందిగా!" డైరెక్టరు ఫొటోలమ్మాయి వైపు తిరిగాడు. "చూడమ్మాయ్, రేపు ఈయన ఏడవకపోతే నీ ఉద్యోగం ఏడుస్తుంది."

బొమ్మలాయన ఆమెకేసి చూశాడు. "ఏడుస్తాను" అన్నాడు.

మర్నాడు ఏనుగు ముందు కుర్చీ వేశారు. లైట్లు వెలిగాయి. యాంకరమ్మ గొంతులో ముందే తడి నింపుకుంది. ఎదురుగా బడిలోని వాళ్ళంతా తలలు దువ్వుకుని నిలబడ్డారు. ఎర్రకోటు ఈ రోజు వంతు ఎవరిదో గాని, చేతులు మారుతూనే ఉంది.

"చెప్పండి. ఆ క్షణంలో మీరేం పోగొట్టుకున్నారు?"

బొమ్మలాయన మొహం నలిపాడు, ముక్కు ఎగపీల్చాడు. ఏడుపు రాలేదు. వెక్కిళ్ళొచ్చాయి. కెమెరాల వెనక ఫొటోలమ్మాయి కనిపించింది. ఏడవమని సైగ చేస్తుందనుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వద్దు. అబద్ధం వద్దు.

ఉద్యోగం పోయినా సరేనన్నమాట!

"ధైర్యం అండీ" అన్నాడు.

"ఏమిటీ?"

"నేను పోగొట్టుకున్నది ధైర్యం. మా ఇల్లు మునగలేదు. అది మూడో అంతస్తు. ఆ రోజు ఆ ఫొటోలమ్మాయికి 'మీరంటే నాకిష్టం' అని చెబుదామని తిరిగాను. నోరు తెరిచేలోపు క్లిక్‌మంది. ఉన్న ధైర్యం కాస్తా పోయింది. పోస్టరు మీద ఉన్నది ఆ మొహం."

యాంకరమ్మ గొంతులో తడి ఆరిపోయింది. డైరెక్టరు బెంచీ మీద కూలబడ్డాడు.

"ప్రేమిస్తే మొహం అలా ఉంటుందా?" అంది యాంకరమ్మ, వృత్తి మరిచిపోయి.

"నాకలాగే ఉంటుందనుకుంటానండీ. ఇదే మొదటిసారి."

అప్పుడు లేచింది మైకు మామ్మ. ఇచ్చిన మైకు పక్కన పెట్టేసింది. ఆవిడకి అదెందుకు?

"ఇల్లు పోయింది మాదమ్మా, ఆ అబ్బాయిది కాదు. మేం నవ్వుతున్నామని మా ఫొటోలు పక్కన పడేశారట. ఇల్లు పోతే పళ్ళు కూడా పోవాలా? నాకున్నవే నాలుగు! ఫొటో తీస్తే నవ్వకుండా ఎలా ఉంటాం? మేం నవ్వుతాం. మాకు చలి కూడా వేస్తుంది. రెండూ నిజమే. దుప్పట్లు ఆ అబ్బాయింట్లో పడున్నాయి. వాళ్ళమ్మని తొక్కకుండా ఎవరైనా తెచ్చిపెట్టండి!"

లైవ్ అయిపోయింది. డైరెక్టరు ఫోను మోగింది. కళ్ళు మూసుకుని ఎత్తాడు. విన్నాడు. ఒక కన్ను తెరిచాడు.

"టీవీలో ఆ ఎర్రకోటు చూశారా? కోటు... పంపిస్తారా? ఒక్కొక్కరికీ ఒకటా?" రెండో కన్ను కూడా తెరుచుకుంది. "ఏమ్మాయ్, ఆ నవ్వే ఫొటోలు చెరిపేశావా ఏం? తియ్యి, తియ్యి! కొత్త పోస్టరు వేద్దాం!"

బయట వీధిలో రిక్షాల బారు కదిలొస్తోంది. అన్నిటి నిండా దుప్పట్లు. ముందు రిక్షాలో, మోపు మీద మహారాణిలా బొమ్మలాయన అమ్మ.

దిగుతూనే ఫొటోలమ్మాయిని ఎగాదిగా చూసింది. "నువ్వేనా? మావాడి మొహం ఇంట్లో రోజూ చూస్తున్నాను, అజీర్తేమో అనుకున్నాను. నువ్వు సరిగ్గా పట్టావమ్మా. ఇంతకీ వాడికేం చెప్పావు?"

"అడిగితే కదండీ చెప్పడానికి. టీవీకి చెప్పారు. నాకు చెప్పలేదు."

బొమ్మలాయన ఆమెకేసి తిరిగాడు. కళ్ళు నిండాయి. పెదవి వణికింది. కనుబొమలు లేచి ఆగిపోయాయి.

దుప్పట్లు దించుతున్న రిక్షా ఆయన చూసి, "అయ్యో పాపం" అంటూ ఒకటి తెచ్చి అతని భుజాల మీద కప్పాడు.

"సరే, మీరు చెప్పేలోపు తెల్లారేట్టుంది" అంది ఆమె. "నేనే చెప్తాను. ఆ ఫొటో పోస్టరుకని తీసింది కాదు. మీరు ఏనుగుకి తొమ్మిదో కాలు వేసినప్పట్నుంచీ నాకు సంగతి తెలుసు. దాచుకుందామని తీసుకున్నాను. మొహం ఎలా ఉన్నా నాకు ఫర్వాలేదు."

అతను నోరు తెరిచాడు. వెక్కిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

"అవుననే అంటున్నాడు, నేను తల్లిని, నాకు తెలుసు" అంది అమ్మ.

వాళ్ళ పెళ్ళి ఫొటో ఆ ఏనుగు ముందే తీశారు. మామ్మ ఎర్రకోటు పెళ్ళికొడుక్కి తొడిగి, "నవ్వాలి, చూసుకో!" అని గద్దించింది. నవ్వాననే అతని నమ్మకం. ఆ ఫొటో కడిగిచ్చిన స్టూడియో ఆయన మాత్రం కవర్లో ఒక దుప్పటి కూడా పెట్టి పంపించాడు.