మేడగది నేల కడిగిందెవరు?

2001 ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం వంట ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం. ఇంటిల్లిపాదీ తృప్తిగా తిని లేచారు... వెంకటదుర్గ తప్ప! అందరికీ వడ్డించి, చివరికి తను కంచం ముందు కూర్చుని ముద్ద కలిపిందో లేదో, మేడమీంచి ఆడపడుచు బేబీ కేక వినబడింది.

"దుర్గా! ఓసారి పైకి రా! నీ నిర్వాకం చూద్దువుగాని!"

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది దుర్గ.

ద్రాక్షారామానికి కాస్త దూరంలో ఉన్న ఆ ఇంటికి మేడే అందం. మామగారు ముచ్చటపడి మేడంతా టేకుబల్లలతో నేల వేయించారు. వచ్చే శుక్రవారం ఆ మేడమీదే దేవిశ్రీకి తాంబూలాలు. దేవిశ్రీ దుర్గ కన్నబిడ్డ కాదు, మరిదిగారి కూతురు. పసితనంలోనే తల్లీతండ్రీ పోతే, గుండెలమీద వేసుకుని పెంచింది దుర్గే. ఆ పిల్ల తాంబూలాలకి భర్త పక్కన పీటలమీద కూర్చోవాలని... అదొక్కటే ఆవిడ కోరిక! పెళ్ళివారు వచ్చేలోగా నేలని కొత్తదానిలా చేయిద్దామని భర్త చంద్రరావు యానాం నుంచి అప్పాజీని పిలిపించాడు. పాత నేలని మిషనుతో అరగదీసి పాలిష్ పెట్టడం అతని పని.

"మందు చవగ్గా దొరికే యానాం మనిషట! సాయంత్రమయ్యేసరికి మిషను అతన్ని పట్టుకోవాలేమో!" అని పొద్దున్న బేబీయే నవ్వించింది అందర్నీ. ఇప్పుడు ఆ మొహంలో నవ్వు లేదు.

హాలు పని అయిపోయింది. మూలగదిలో పందిరిమంచం జరిపి, చాప ఎత్తేసరికి... నేలమీద ఇంత మేర నల్లటి మచ్చ! బల్లలు ఉబ్బి, అంచులు పైకి లేచిపోయి ఉన్నాయి.

"ఇదేంటండీ బాబూ! ఈ గదిలో చెరువుగానీ తవ్వించారాండీ?" అప్పాజీ నవ్వుతూ అన్నాడు. "బిందెలకి బిందెలు పోస్తేగానీ టేకు ఇలా అవదండి!"

"చెరువు కాదు నాయనా, మా మరదలు! ఏడాదికోసారి ఈ గది కడగడం అప్పట్లో పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు నేనే చూశాను. చెక్కని కడిగే మనిషిని ఎక్కడన్నా చూశావా? ఆవిడ చేతిలో ఏదీ నిలవదులే!" బేబీ తమ్ముడివైపు తిరిగింది. "చూడు చంద్రం, శుభమా అని తాంబూలాలు పుచ్చుకుంటూ ఎందుకొచ్చిన అపశకునం? పిల్లాపాపా ఉన్నవాళ్ళం, పీటలమీద నేనూ మీ బావగారూ కూర్చుంటాం."

దుర్గ భర్త మొహంలోకి చూసింది. ఒక్క మాట... ఒక్క మాట అంటారని! ఆయన మచ్చవైపే చూస్తూ, "కడిగేటప్పుడు కాస్త చూసుకోవాల్సింది దుర్గా..." అన్నాడు.

ఇన్నేళ్ళుగా గొంతులో దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. ఏడుపు కాదు... ఒళ్ళు మండిపోయే కోపం!

"చూసుకోవాల్సిందా? ఎప్పుడు కడిగానో అడగరేమండీ? ముచ్చటకి కడిగానా? మొదటిసారి మూడోనెలలో పోయినప్పుడు కడిగాను! ఐదోనెలలో పోయినప్పుడు కడిగాను! ఆఖరుసారి, మగపిల్లాడమ్మా అని మంత్రసాని చెప్పి గుడ్డలో చుట్టి పట్టుకుపోయిన తర్వాత కూడా కడిగాను! మైల పోవాలన్నారు. పచ్చి ఒంటితో బిందెలు మోసుకుంటూ ఆ మెట్లెక్కాను. మీరు కింద వరండాలో పేపరు చదువుకుంటున్నారు... ఆ నీళ్ళు బల్లల సందుల్లోంచి కారి మీమీద పడితే, కుర్చీ పక్కకి జరుపుకున్నారు! గుర్తుందా?"

చంద్రరావు తలెత్తలేకపోయాడు. అప్పాజీ చప్పుడు చేయకుండా హాల్లోకి జారుకున్నాడు.

"బాగుంది! ఎవరు మోయమన్నారమ్మా నిన్ను?" బేబీ ఇంకా తగ్గలేదు.

"నేనే!"

అందరూ గుమ్మంవైపు తిరిగారు. అత్తగారు సుబ్బాయమ్మ! మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళతరబడి మేడ ఎక్కని మనిషి, తలుపు పట్టుకుని ఆయాసపడుతోంది.

"నేనే మోయించాను. కింద గచ్చు కడిగినట్టే పైన చెక్కా కడగమన్నాను. నీళ్ళు కిందకి కారుతుంటే ఇంకో బిందె పొయ్యమన్నాను. నీకేం తెలుసే బేబీ? నీ మూడు పురుళ్ళూ ఈ గదిలోనేగా! ఒక్క చెంబుడు నీళ్ళు పోయించానా నీచేత? కూతురివి కదా... పనిమనిషి మరిడమ్మచేత తడిగుడ్డ పెట్టి తుడిపించాను. తుడిస్తే చాలని తెలుసు నాకు. తెలిసీ... దీనిచేత కడిగించాను!"

దుర్గ అత్తగారివైపు తిరిగింది. "తెలిసీనా అత్తయ్యగారూ?"

"వారసుణ్ణి ఇవ్వలేదన్న ఉక్రోషం తల్లీ... ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు. పీటలమీద నువ్వూ నా కొడుకూనే కూర్చోవాలి. కాదన్నవాళ్ళు ఈ గుమ్మం తొక్కక్కర్లేదు!"

అప్పటికే పరుగెత్తుకొచ్చిన దేవిశ్రీ దుర్గని చుట్టేసుకుంది. "దొడ్డమ్మా! నువ్వు కూర్చోకపోతే నాకీ సంబంధమే వద్దు!"

"నోర్ముయ్, అశుభం పలక్కు," అని కసిరింది దుర్గ. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు.

చంద్రరావు కళ్ళు తుడుచుకుంటూ హాలువైపు కేకేశాడు. "అప్పాజీ! ఈ గది ముట్టుకోకు. అలాగే ఉంచేద్దాం."

"ఎందుకండీ ఉంచడం?" దుర్గ గిరుక్కున తిరిగింది. "రోజూ చూసుకుని నేను ఏడవడానికా? మీరు చూసి జాలిపడ్డానికా? అక్కర్లేదు! తీసెయ్యి అప్పాజీ, ఎంత లోతుంటే అంత అరగదియ్యి!"

"పూర్తిగా పోదండి అమ్మగారూ. మూడొంతులు పోద్దండి."

"పోయినంత పోనీ."

బేబీ క్షమించమని అడగలేదు. గోడవైపు చూస్తూ, "మీ బావగారికి నడుంనొప్పి... అంతసేపు పీటలమీద ఎక్కడ కూర్చుంటారులే," అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, చల్లారిపోయిన కూర వెచ్చబెట్టి, దుర్గ కంచంలో వడ్డించి, పక్కనే విసనకర్రతో కూర్చుంది. దుర్గ ఆకలిగా తింది.

సాయంత్రానికి మిషను హోరు ఆగింది. గదిలో తేనెరంగు తేలింది. మూలన మాత్రం సన్నటి నీడలాంటిది మిగిలింది. పాలిష్ ఆరేదాకా మేడమీద ఎవరూ అడుగుపెట్టకూడదని చెప్పి వెళ్ళాడు అప్పాజీ. ఆ రోజు చంద్రరావే చాపలూ దిళ్ళూ తెచ్చి, కిటికీలు బిగించిన కింది వరండాలో పక్కలు వేశాడు. దుర్గ పక్కన కూర్చుని, చేతిమీద చెయ్యి వేసి, "ఆ కుర్చీ జరుపుకోవడం... గుర్తుంది దుర్గా," అన్నాడు. ఆవిడ ఆ చెయ్యి తోసెయ్యలేదు.

దీపాలు పెట్టిన కాసేపటికే, దేవిశ్రీ మీద చెయ్యి వేసి, అలసిపోయి నిద్రపోయింది దుర్గ. సుబ్బాయమ్మకి దాహం వేసింది. "దుర్గా, మంచినీళ్ళు!" అని అలవాటుగా నోటిదాకా వచ్చిన పిలుపుని మింగేసింది. గోడ పట్టుకుని తనే వెళ్ళి కూజాలోంచి వంచుకు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టింది. తెరిచి ఉన్న వీధితలుపులోంచి కాలవ మీది చలిగాలి కోడలి మీదకి కొడుతోంది. కొంగు కప్పుకుని ముడుచుకు పడుకున్న ఆ మనిషిని ఒక్క క్షణం చూసి, సుబ్బాయమ్మ వీధితలుపు మెల్లగా దగ్గరికి లాగి, గడియ పెట్టింది.