కూర్మారావు నీడకి పాత మందు

తన నొప్పి ఎవరికీ చెప్పుకోకపోవడం కూర్మారావుకున్న గొప్ప సుగుణం. ఆ సుగుణం తనకుందని మాత్రం గాజువాకలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. స్కూటర్ సీట్లు కుట్టే పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదనీ, పాత సీటొకటి విప్పి చూసి పట్టేశాననీ కూడా చెప్పేవాడు. తను కుట్టిన మొదటి సీటు మీద కూర్చున్న మనిషి ఆ రాత్రి నిలబడే అన్నం తిన్నాడన్న సంగతి కూడా దాచేవాడు కాదు.

అందుకే డాక్టర్ షమీమ్, "నొప్పి ఎంతండీ? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి," అనగానే, "సున్నా," అన్నాడు.

"ఆరు," అంది బల్ల మీది స్పీకర్, అచ్చం అతని గొంతుతోనే. "రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నాను. అన్నం సయించలేదు."

"నా పరువు తీసేస్తన్నాడమ్మా వీడు!"

"అతని నొప్పి అతనిదండీ," అంది డాక్టర్ నవ్వి. "మీది మీరు చెప్పాలి."

అప్పటికి కేన్సర్ మందుల ట్రయల్స్ తీరు మారిపోయింది. కొత్త మందు నిజంగా మేలైనదా కాదా తేల్చడానికి పూర్వం రోగుల్ని రెండు జట్లు చేసేవారు. ఒక జట్టుకి కొత్తది, రెండో జట్టుకి అప్పటిదాకా వాడుతున్నది. ఎవరు ఏ జట్టో చీటీలు వేసినట్టు కంప్యూటర్ తేల్చేది. రెండో జట్టులో పడ్డవాళ్ల మొహాలు చూడలేక శాస్త్రజ్ఞులు 'నీడ' అనే యంత్రాన్ని తయారుచేశారు. రోగి రక్తం, స్కాన్లు, జన్యువులు, నిద్ర, మాటతీరు అన్నీ అందులో పోస్తే ఆ మనిషికి నకలొకటి పుడుతుంది. కొత్త మందు మనిషికి, పాత మందు నకలుకి. నీరసం, నొప్పి కూడా కొలవాలి గనక నకలుకి నోరిచ్చారు. అబద్ధమాడే తెలివి మాత్రం ఇవ్వలేదు.

మాటతీరు తాజాగా ఉండాలని, వచ్చినప్పుడల్లా మనిషి తన నీడతో అరగంట మాట్లాడాలి. భార్య పోయాక కూర్మారావుతో అంతసేపు మాట్లాడినవాళ్లు లేరు. ఇద్దరూ నెత్తళ్ల చేపల పులుసు గురించి పోట్లాడుకునేవారు. ఇద్దరి అభిప్రాయమూ ఒకటే, కానీ గెలవడం ఎవరికి వారికే కావాలి.

కొత్త మందు పనిచేసింది. పేగులో గడ్డ చిక్కిపోసాగింది. దాంతోపాటే చేతివేళ్లు మొద్దుబారాయి. సూది దిగిన సంగతి, రెక్సిన్ మీద రక్తం కనిపిస్తేగానీ తెలిసేది కాదు. చెబితే ట్రయల్లోంచి తీసేస్తారని కూర్మారావు భయం. మందు పోతుందన్న బెంగ తర్వాత, ముందు ఆ అరగంట పోతుందని.

"చొక్కా గుండీలు వంకరగా పెట్టుకొచ్చావేటి గురూ?" అంది నీడ ఒకసారి, కెమెరాలోంచి చూసి.

"ఫ్యాషన్."

"నీ ఫ్యాషన్లు నాకు తెలీవా? వేళ్లు పనిచెయ్యట్లేదు."

"నోరు మూసుకో. ఆవిడకి చెప్పకు."

"అడిగితే చెప్పేస్తాను, నాకు దాచడం రాదు. కానీ నీ వేళ్ల సంగతి ఆవిడ నన్నెందుకడుగుతుంది? నువ్వే చెప్పాలి. నీ వెనకాల ఓ దర్జీ వస్తాడు, ఓ డప్పు వాయించేవాడు వస్తాడు. నీ సున్నాని నమ్మి వాళ్లకీ ఇదే డోసు ఎక్కించేస్తారు."

కూర్మారావు ఆ పూటే చెప్పేశాడు. డాక్టర్ కోప్పడలేదు. మిగతావాళ్లని కూడా గుచ్చి గుచ్చి అడిగితే మరికొందరి గుట్టు బయటపడింది. అందరికీ డోసు తగ్గించారు. తిమ్మిర్లు తగ్గాయి, మందు పట్టు తగ్గలేదు. సరైన డోసు ఎంతన్న ఒక్క అనుమానమూ తీరిపోవడంతో, కొత్త మందే మేలని తేలిపోయింది, ఇక ట్రయల్ చాలంది కమిటీ. ఇకమీదట అన్ని ఆస్పత్రుల్లోనూ అదే మందు.

"మరి వాడికో?" అన్నాడు కూర్మారావు.

"ఎవరికండీ?"

"నా నీడకి. పాత మందు చాలట్లేదని తేలింది కదమ్మా. కొత్తది వాడికీ ఇచ్చెయ్యండి."

డాక్టర్ షమీమ్ ఫైలు మూసేసింది. "మనిషైతే ఇవాళే ఇచ్చేదాన్ని. అలా ఇవ్వాలని నియమమే ఉంది. నీడలకి లేదండీ. లెక్క తేలాక వాటిని ఆపెయ్యాలి."

"నేను వేళ్ల సంగతి చెప్పకపోయుంటే?"

"ట్రయల్ ఇంకొన్నాళ్లు సాగేది," అంది ఆవిడ, అతని మొహం చూడకుండా.

చివరి అరగంటకి ఇద్దర్నీ వదిలేసి బయటికెళ్లింది.

"నొప్పి ఎంత?" అన్నాడు కూర్మారావు.

"తొమ్మిది గురూ. నీకు చెప్పుకుంటే హాయిగా ఉంది."

నెత్తళ్ల పులుసు మాటెత్తారు. ఈసారి కూర్మారావు కావాలనే ఓడిపోయాడు. ఆ సంగతి నీడకి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా ఏమీ అనలేదు.

మర్నాడు కూర్మారావు తలస్నానం చేసి, షాపు తలుపు మూసే ఉంచి, మెట్టు మీద కూర్చున్నాడు. పక్క టీ కొట్టు సన్యాసి గ్లాసు పట్టుకొచ్చాడు.

"షాపు తియ్యలేదేటి బాబాయ్? మైలా? ఎవరు పోయారు?"

"మనవాడే."

"మనవాడంటే? పాలివాడా, మేనత్త కొడుకా? వరసని బట్టి కదా మైల."

కూర్మారావు టీ చల్లారేదాకా ఆలోచించాడు. గడ్డ కరిగింది. వేళ్లు మళ్లీ సూది పట్టాయి. నొప్పి ఎంతో అంకెతో సహా చెప్పడం వచ్చింది. పోయినవాడు తనకి ఏ వరసో, వాడికోసం ఎన్నాళ్లు షాపు మూసుకోవాలో మాత్రం అతను ఇప్పటికీ నేర్చుకోలేదు.