ఆరని రుమాలు

"నీరు ఆవిరిగా మారడాన్ని ఏమంటారు?" ఛాతీ విరుచుకుని అడిగింది గడగడ.

"బాష్పీభవనం!" కిటికీ వరుస మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

అడిగిన పిల్ల ఇంకా కూర్చోనైనా లేదు! మొహం మాడిపోయింది పాపం.

పాఠం ఏదైనా పొల్లుపోకుండా అప్పజెప్పేస్తుందని ఆమెకు క్లాసు పెట్టిన పేరు గడగడ. సైన్స్ టీచర్ పెట్టిన ప్రశ్నల పోటీలో గోడ వరుసకు ఆమే లీడర్. గెలిచిన వరుసే కొత్త మైక్రోస్కోపులో ముందు చూస్తుంది. గడగడకు ఆ ఆశతో సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

"రెండు వరుసలూ సమానం. లంచ్ తర్వాత గోడ వరుసది ఆఖరి ప్రశ్న. దానికి జవాబు చెప్పేస్తే కిటికీ వరుసదే గెలుపు" అంది టీచర్. తర్వాత నవ్వేసింది. "పొద్దుట్నుంచీ మీ నోళ్ళు పనిచేశాయి, బుర్రలు గురక పెట్టాయి. నాదీ తప్పేలే. నా పరీక్షల్లోనూ అన్నీ 'ఏమంటారు' ప్రశ్నలే కదా!"

గడగడ గబగబా పుస్తకం తిరగేసింది. "ఇంకా కష్టమైన మాట వెతుకుతా."

"వాళ్ళూ అదే పుస్తకం చదివారు కదే!" అంది పక్క సీటు నేస్తం.

లంచ్‌లో కుళాయి దగ్గర తోపులాటలో ఇద్దరి రుమాళ్ళూ నీళ్ళలో పడ్డాయి. గడగడ తన రుమాలు పిండి, ఉండలాగే ఎండలో గోడమీద పడేసింది. నేస్తం తనది వరండా కమ్మీమీద, నీడలో, చక్కగా పరిచింది.

"పిచ్చిదానా, నీడలో ఆరుతుందా!" అని గడగడ వెక్కిరించింది.

బెల్ కొట్టారు. నేస్తం రుమాలు ఆరిపోయింది. గడగడది ఇంకా తడిగానే ఉంది.

"అదేంటే! ఎండలో ఉన్నది నాది కదా?" గడగడ అక్కడే నిలబడిపోయింది. పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా చదివిన గుర్తు లేదు.

క్లాసులో లేచి అడిగింది. "రెండు తడి రుమాళ్ళు. ఒకటి ఎండలో, ఉండలా. ఒకటి నీడలో, పరిచి. ఏది ముందు ఆరింది? ఎందుకు?"

"ఎండలోదే! వేడికి ఆవిరవుతుంది!" కిటికీ వరుస మళ్ళీ కోరస్.

గడగడ రెండు రుమాళ్ళూ పైకెత్తింది. కిటికీ వరుస లీడర్ వచ్చి తడిమి చూశాడు. నోరు వెళ్ళబెట్టాడు. "అమ్మో, నిజమే! ఎందుకు?"

క్లాసంతా ఒకటే గోల. గాలి అని కొందరు, పరిచారు కాబట్టి అని కొందరు.

"గోడ వరుస గెలిచింది!" టీచర్ బల్లమీద చరిచింది. "నా పరీక్ష పేపర్‌లో కూడా ఈ ప్రశ్న ఉంటుంది! ఇంతకీ జవాబు ఏంటమ్మా?"

వరుసంతా ఈలలు వేస్తోంది. తెలీదు అనే మాట గడగడ ఈ క్లాసులో ఎన్నడూ అనలేదు. ఇవాళ నవ్వుతూ అనేసింది.

"తెలీదు టీచర్! పరిచినందుకా, గాలికా? మళ్ళీ తడుపుదాం. ఈసారి రెండూ వరండా కమ్మీమీదే, నీడలోనే. ఒకటి ఉండలా, ఒకటి పరిచి."

మైక్రోస్కోపు బల్లమీదే ఎదురుచూస్తోంది. గడగడ మాత్రం రుమాళ్ళు పట్టుకుని కుళాయి వైపు పరుగెత్తింది. వెనకాలే రెండు వరుసలూ పరుగెత్తాయి.